రసీదు అడగడం నేర్చుకున్న ఎండాకాలం

2020 మార్చి 16న కరోనా వల్ల తెలంగాణలో బడులు మూసేశారు. మార్చి 31 వరకే అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో అందరం లోలోపల సంతోషపడ్డాం, అబద్ధం ఎందుకు. పరీక్షల ముందు రెండు వారాల సెలవు అంటే ఏ మాస్టారికి చేదు?

అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్‌లో పదకొండేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. జీతం 14 వేలు. ఎండాకాలం రెండు నెలలు సగం జీతమే. ఆ సగం కూడా అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగితేనే. పదో తరగతి పరీక్షలు 19న మొదలై, మూడు పేపర్లు అయ్యాక ఆగిపోయాయి. జూన్‌లో అందరినీ పాస్ చేశారు. త్రికోణమితి కోసం ఆదివారాలు కూడా క్లాసులు పెట్టాను ఆ ఏడాది. లెక్కల పరీక్ష జరగనే లేదు.

మార్చి జీతం సగం వచ్చింది. ఏప్రిల్‌ది రాలేదు. ఫోన్ చేస్తే కరస్పాండెంట్ గారు "ఫీజులు వస్తే కదా సార్" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. చాలామంది తల్లిదండ్రులు చివరి టర్మ్ ఫీజు పరీక్షలప్పుడే కడతారు, ఆ పరీక్షలే లేవు. కానీ నాకు నెలకు 4,500 అద్దె, 3,000 చిట్టి, ఆరేళ్ల కూతురు. తెల్ల కార్డు ఉంది కాబట్టి ఏప్రిల్‌లో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు వచ్చాయి. బియ్యం బతికించాయి. 1,500 చిట్టిలో సగం.

మా ఆవిడ తన పుస్తెలతాడు తీసి బల్ల మీద పెట్టి, "బ్యాంకులు తెరిచే ఉన్నయి గదా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక, తెల్లవారుజామున లేచి, సుద్దముక్కతో వంటింటి గచ్చు మీద అప్పుల లెక్క వేశాను. పొద్దున్నే పాప దాని మీద తొక్కుడు బిళ్ల గీసుకుంది.

లాక్‌డౌన్ కాబట్టి ప్రయాణం పాసు కోసం రెండు రోజులు తిరిగి, బండి మీద ముగ్గురం మా ఊరికి వచ్చేశాం. హుస్నాబాద్ దగ్గర పల్లె. నాన్న లేడు. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఎకరం చెలక, రెండు మేకలు.

అమ్మ అప్పటికే పనికి పోతోంది. లాక్‌డౌన్ మొదట్లో ఆపేసిన ఉపాధి హామీ పనులు ఏప్రిల్ 20 నుంచి మళ్లీ చేసుకోవచ్చని చెప్పారు. అమ్మ ఎప్పుడూ దాన్ని ఉపాధి హామీ అనదు. కరువు పని అంటుంది. మా వైపు చాలామంది అంతే. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఈ పథకం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో కరీంనగర్ కూడా ఉంది. మా ఊరు అప్పట్లో ఆ జిల్లాలోనిదే. నా బీఎడ్ ఫీజులో సగం ఆ కరువు పని డబ్బే. ఈ సంగతి నేను కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ వ్యవసాయం చేస్తుందని చెప్పేవాడిని.

ఊరికి వచ్చిన నాలుగో రోజు అమ్మతో అన్నాను, నేనూ వస్తానని.

"నువ్వు తవ్వుతవా? నీ చేతులు జూసుకున్నవా?" అంది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కాసేపటికి మళ్లీ తనే, "నా కార్డు మీద ఎక్కకు. ఒక్క కార్డుకు వంద రోజులే. నేను సగం, నువ్వు సగం తింటే ఇద్దరం ఎండుతం. నీ కార్డు నువ్వు తీస్కో" అంది.

ఇది నాకు తెలియదు. అప్పటి చట్టం ప్రకారం వంద రోజుల పని మనిషికి కాదు, కుటుంబానికి. మాకు రేషన్ కార్డు వేరుగా ఉంది కాబట్టి వేరే కుటుంబం కిందే లెక్క, వేరే జాబ్ కార్డు అడగొచ్చు. బడికి పోని అమ్మకు తెలిసిన ఈ ముక్క, ఎమ్మెస్సీ చదివిన నాకు తెలియదు.

జాబ్ కార్డుకు తెల్ల కాగితం మీద దరఖాస్తు రాశాను. పేర్లు, వయసులు, ఆధార్, పాస్ బుక్ నకలు, ఫొటోలు. మా వాడకట్టు చిన్నమ్మ మా గడపలో కూర్చుని అంతా చూస్తోంది. ఆమె శ్రమశక్తి సంఘానికి పెద్ద. ఉపాధి పనిలో కూలీలను గుంపులుగా చేస్తారు, ఆ గుంపునే శ్రమశక్తి సంఘం అంటారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆపింది.

"ఒక్కటే రాసినవా? ఇంకోటి రాయి. ఒకటి వాళ్లకు ఇయ్యి, రెండో దాని మీద తారీఖు ఏయించుకో, సంతకం వెట్టించుకో."

"చిన్నమ్మా, తెలిసిన పంచాయతీనే కదా."

"తెలిసినోళ్ల తానే రసీదు తీస్కోవాలె. రసీదు లేకుంటె నువ్వు అడగనట్టే లెక్క."

ఆమె చెప్పింది అప్పటి చట్టంలో ఉన్న మాటే. పని కావాలని అడిగితే తారీఖుతో రసీదు ఇవ్వాలి. ఆ తారీఖు నుంచి 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. భృతి తీసుకున్నవాళ్లను మా ఊళ్లో నేను చూడలేదు. కానీ చిన్నమ్మ చేతిలో రసీదు ఉన్న ఏ ఏడాదీ మా ఊళ్లో పని ఆలస్యం కాలేదని అమ్మ చెప్పింది. రసీదు లేనప్పుడు మాత్రం ఒకసారి నెల పట్టిందట.

నేను పంచాయతీకి పోయి, రెండో కాగితం చాపడానికి ఎంత ఇబ్బంది పడ్డానో చెప్తే నవ్వుతారు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. పదకొండేళ్లలో నేను ఎవరినీ ఒక్క కాగితం అడగలేదు. బడిలో చేరిన రోజు నా పదో తరగతి నుంచి బీఎడ్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో పెట్టుకున్నారు. "మధ్యలో మానేయకుండా" అన్నారు. ఇచ్చినట్టు ఒక చీటీ కూడా నా దగ్గర లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ అనేది ఉంటుందని తెలుసు గానీ, అడిగితే ఏమనుకుంటారో అని అడగలేదు. మంచివాడిని అనిపించుకున్నాను, అంతే.

కార్యదర్శి చిన్నమ్మాయి. 2019లో తీసుకున్న జూనియర్ పంచాయతీ కార్యదర్శుల బ్యాచ్. జీతం 15 వేలు అని తర్వాత తెలిసింది. నాకంటే వెయ్యి ఎక్కువ, పని పదింతలు. నర్సరీ, చెత్త బండి, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల ఇళ్ల మీద స్టిక్కర్లు, అన్నీ ఆమే. నా కాగితం చూసి, "సార్, మీరు టీచర్ కదా" అంది. అవునన్నాను. ఇంకేం అడగకుండా రెండో కాగితం మీద సంతకం పెట్టి, తారీఖు వేసి ఇచ్చింది. అంత తేలిక పనికి నేను రాత్రంతా ఆలోచించాను మరి.

తొమ్మిదో రోజు కార్డు వచ్చింది.

పని పొద్దున ఆరింటికి. చెరువులోకి నీళ్లు తెచ్చే పాత కాలువ పూడిపోయింది, దాన్ని మళ్లీ తవ్వడం. మే నెల. పది దాటితే గడ్డపార చేత్తో పట్టుకోలేం, కాలుతుంది. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లు తట్టలు ఎత్తడం అనుకుంటారు చాలామంది. మా కాలువలో ఆడవాళ్లే తవ్వారు, వాళ్లే ఎత్తారు. మగవాళ్లం అరడజను మంది కూడా లేము. నాకు జోడీగా చిన్నమ్మ వచ్చింది. మొదటి గంటలో నేను రెచ్చిపోయి తవ్వాను. రెండో గంటకు కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. ఆమె తన సీసాలోంచి అంబలి పోసి, "బడి గంట గొట్టినట్టు తవ్వొద్దు కొడుకా, పొద్దు గూకేదాక ఉన్నట్టు తవ్వాలె" అంది.

మాస్కు పుణ్యమా అని నా మొహం దాగింది. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్న రోజులవి. ముక్కు దాకా మాస్కు, తలకు తువ్వాల. దారిన పోయేవాళ్లకు కళ్లు తప్ప ఏమీ కనపడేవి కావు. నాకు అదే కావాలి. మా బావమరిది హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "ఏం చేస్తున్నవ్ బావా?" అంటే, ఆన్‌లైన్ క్లాసుల తయారీ అని చెప్పాను. రెండు వారాలు ఆ అబద్ధం బాగానే నడిచింది. ఒక రోజు ఫోన్ మా పాప ఎత్తింది. "నాన్న లేడు మామా, గడ్డపార పట్టుకొని పోయిండు" అని చెప్పేసింది. సాయంత్రం బావమరిది మళ్లీ చేశాడు. తన క్యాబ్ కూడా నెలన్నరగా ఇంటి ముందే ఉందని, కిస్తీ కట్టలేదని, ఎవరికీ చెప్పలేదని అన్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. పెళ్లయిన ఎనిమిదేళ్లలో మేమంతసేపు మాట్లాడుకున్నది అదే మొదలు.

మొదటి వారం కూలి లెక్క వచ్చింది. ఆ ఏడాది మనకు ఖరారైన కూలి రోజుకు 237 రూపాయలు, అంతకుముందు 211 ఉండేది. నాకు పడింది మాత్రం రోజుకు 148 లెక్కన. అమ్మకూ అంతే. గుంపు మొత్తానికీ అంతే. కాలువ గట్టు మీద గోల మొదలైంది. "కొలిచేటోడు తింటున్నడు" అని ఒకరు, "పైనుంచే కోసిర్రు" అని ఒకరు. నేను కూడా నమ్మేశాను. కోపం ఎవరి మీదైనా ఉండాలి కదా, కొలతలు తీసే టెక్నికల్ అసిస్టెంట్ దగ్గరగా ఉన్నాడు.

కూలి రోజుకు కాదు, తవ్విన మట్టికి. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ మట్టి ఎంతైందో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. మా పది మంది ఒక రోజు తవ్విన ముక్క పొడవు 10 మీటర్లు, పైన వెడల్పు 2 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు. మావాళ్లు పై వెడల్పు చూసి లెక్క కట్టుకుంటున్నారు. 10ని రెండుతో, దాన్ని 0.6తో గుణిస్తే 12 ఘనపు మీటర్లు. కానీ కాలువ గోడలు నిట్టనిలువుగా ఉండవు, కూలిపోకుండా ఏటవాలుగా దించుతాం. అడుగున వెడల్పు ఒక మీటరే. పై వెడల్పు, అడుగు వెడల్పు కూడి సగం చేయాలి, ఒకటిన్నర. అప్పుడు 9 ఘనపు మీటర్లు. పన్నెండు తవ్వామనుకున్నది తొమ్మిదే. సరిగ్గా నాలుగో వంతు తేడా.

సమలంబ చతుర్భుజం. ఎనిమిదో తరగతి. పదకొండేళ్లు బోర్డు మీద గీశాను దాన్ని. "ఇది నిజ జీవితంలో ఎక్కడ పనికొస్తుంది సార్?" అని పిల్లలు అడిగినప్పుడల్లా, "పరీక్షలో నాలుగు మార్కులకు" అని జోక్ వేసేవాడిని. ఆ జోక్ ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున మావాళ్లకు చెప్పబోయాను. సూత్రం నోట్లోంచి వచ్చేలోపే సగం మంది తట్టలు ఎత్తుకుని వెళ్లిపోయారు. పిల్లలైతే కూర్చుంటారు, పారిపోయే దారి లేక. వీళ్లకు ఆ అవసరం లేదు. అప్పుడు చిన్నమ్మ తట్టే చేతిలోకి తీసుకుని, "ఇది పైన ఇంత వెడల్పు, అడుగున ఇంతే. పై వెడల్పు జూసి శేరు బియ్యం వడతయంటే వడతయా?" అంది. అంతే. మొత్తం పాఠం అయిపోయింది.

దాని తర్వాత ఒక కర్ర తయారుచేశాను. మీటరుకు ఒక మేకు, అర మీటరుకు ఒక మేకు. మావాళ్లకు మీటరు అంటే రెండు మూరలు, ఒక బెత్తెడు అని చెప్పాను, ఇంచుమించు సరిపోతుంది. పొద్దున్నే ఏ జోడీకి ఎంత పొడవు, ఎంత లోతు, అడుగున ఎంత వెడల్పు అని గీత గీసి ఇచ్చేవాడిని. ఎండాకాలం అలవెన్సు ఒకటి ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఎండల్లో నేల గట్టిగా ఉంటుంది, ఒళ్లు అలిసిపోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం పని తక్కువ చేసినా పూర్తి కూలికి లెక్క కట్టాలని అప్పటి నియమం. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చినప్పుడు ఆ మాట అడిగాను. లెక్కలో వేశానని పుస్తకం తెరిచి చూపించాడు. వేశాడు. మనిషి మంచివాడే, పదిహేను ఊళ్లకు ఒక్కడే తిరుగుతున్నాడు. అతను తింటున్నాడని నమ్మినందుకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. పైకి చెప్పలేదు.

మూడో వారం కూలి 221 పడింది.

ఆ వారమే పంచాయతీ కార్యదర్శి మా ఇంటికి వచ్చింది. అప్పటిదాకా ఊళ్లల్లో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పని దరఖాస్తులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లను ఆ మార్చిలోనే సమ్మె చేశారని ప్రభుత్వం పక్కన పెట్టింది. 2022లో గానీ మళ్లీ తీసుకోలేదు. వాళ్ల పని కూడా కార్యదర్శుల నెత్తినే పడింది. "సార్, మీ గుంపుకు మేట్‌గా ఉండండి. మస్టర్ మీరు రాస్తే నాకు రాత్రి పది గంటలకైనా ఇంటికి పోయే వీలుంటది" అని అడిగింది. మేట్ అంటే పని దగ్గర గుంపు హాజరు రాసి, పని చూసుకునే మనిషి. మేట్‌కు వచ్చేది చెప్పుకోదగ్గదేమీ కాదు. అయినా ఒప్పుకున్నాను. ఎవరో ఒకరు నన్ను పేరు పెట్టి, నువ్వు కావాలి అని అడిగి చాలా రోజులైంది.

ఎవరి ఉద్యోగమో పోయిన చోట నాకు పని దొరికింది. ఆ ముల్లు నాకు ఎప్పుడూ గుచ్చుతూనే ఉంది. కష్టంలోనే అవకాశం ఉంటుందని వాట్సాప్‌లో స్టేటస్‌లు పెట్టేవాళ్లను చూస్తే నాకు అందుకే కొంచెం ఒళ్లు మంట. ఒకరి అవకాశం కింద ఇంకొకరి కష్టం ఉండొచ్చు. మా ఊరి ఫీల్డ్ అసిస్టెంట్ నా చిన్ననాటి దోస్తే. ఆయన దగ్గరికి పోయి చెప్పాను, ఇలా అడిగారు, రాయనా అని. "రాయి. నీ రాత బాగుంటది. నేను వచ్చినంక నా పుస్తకం నాకియ్యి" అన్నాడు. తర్వాత రెండు నెలలు మస్టర్‌లో ఎక్కడ ఏం తప్పులు పడతాయో ఆయనే నేర్పాడు, రూపాయి తీసుకోకుండా.

ఇంకో సంగతి. కూలి డబ్బులు మా ఊళ్లో పోస్టాఫీసులో ఇస్తారు, వేలిముద్ర వేసి తీసుకోవాలి. అమ్మ ముద్ర ఎప్పుడూ ఒక పట్టాన పడదు. పదిహేనేళ్ల గడ్డపార వేళ్ల గీతలు అరగదీసింది. ఆమె వేలు చీర కొంగుతో తుడిచి, కొబ్బరి నూనె రాసి, మళ్లీ తుడిచి నాలుగైదుసార్లు పెట్టేది. నేను చిరాకు పడేవాడిని, సరిగ్గా పెట్టమ్మా అని. జూన్ రెండో వారంలో నా వేలు పెట్టాను. ఎర్ర లైటు. మళ్లీ పెట్టాను. ఎర్ర లైటు. బొబ్బలు పగిలి, చర్మం ఊడి, కొత్త చర్మం గట్టిపడి ఉంది. వెనక వరసలో నిలబడ్డ అమ్మ ఏమీ అనకుండా కొబ్బరి నూనె సీసా నా చేతికి ఇచ్చింది. వేలికి నూనె రాసుకుంటుంటే ఎందుకో ఏడుపొచ్చింది. మాస్కు తడిసింది. ఎవరూ చూడలేదనుకుంటాను.

వానలు పడ్డాక పని తగ్గింది, అందరూ నాట్లకు పోయారు. మా కార్డు మీద నేను, మా ఆవిడ కలిపి ఆ ఏడాది 74 రోజులు చేశాం. ఆమె మూడో వారం నుంచి వచ్చింది. నాకంటే బాగా తవ్వింది, ఈ ముక్క రాయకపోతే ఊరుకోదు.

సెప్టెంబర్ 1 నుంచి టీవీలో పాఠాలు మొదలయ్యాయి, రాష్ట్ర ప్రభుత్వ చదువుల ఛానెల్ టీశాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ. పిల్లలు టీవీ ముందు కూర్చుంటున్నారు గానీ, అడగడానికి మనిషి లేడు. ఒక సాయంత్రం చిన్నమ్మ తన మనవరాలిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "దీనికి ఆ తట్ట లెక్క జెప్పు" అంది. మర్నాటికి ఐదుగురయ్యారు. దసరా నాటికి ఇరవై ముగ్గురు. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద, దూరం దూరంగా కూర్చోబెట్టి చెప్పేవాడిని. నెలకు వంద ఇచ్చినవాళ్లు ఇచ్చారు, సొరకాయలు ఇచ్చినవాళ్లు ఇచ్చారు. ఏమీ ఇవ్వనివాళ్లూ ఉన్నారు, వాళ్ల పిల్లలే బాగా చదివారు, అదేమిటో. పదకొండేళ్లు పట్నంలో చెప్పినా ఏ పిల్లవాడి తల్లి ఏం పని చేస్తుందో నాకు తెలిసేది కాదు. ఇక్కడ అందరి తల్లులూ నాతో మట్టి మోసినవాళ్లే. ఒక పిల్లవాడు హోంవర్క్ చేయకపోతే మర్నాడు వాళ్లమ్మే దారిలో ఆపి సంజాయిషీ చెప్పేది.

2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ముందు ఏడాది మార్చి 16 నాటికి బడిలో పనిచేస్తూ ఉండాలి, ఆ బడి అవునని చెప్పాలి. నేను పాత స్కూల్‌కు ఫోన్ చేశాను. "మీరు మానేశారు కదా సార్" అని క్లర్క్ అన్నాడు. నేను మానేశానా, వాళ్లు మానిపించారా అనేది ఇప్పటికీ నాకు తేలని లెక్క.

పాత నేనైతే అక్కడితో ఫోన్ పెట్టేసి, మా ఆవిడ ముందు నాలుగు మాటలు అని ఊరుకునేవాడిని. ఆ రాత్రి రెండు కాగితాలు తీసుకున్నాను. ఒకే ఉత్తరం రెండుసార్లు రాశాను. మార్చి 16 నాటికి నేను మీ దగ్గర పనిచేస్తున్నాను, ధ్రువీకరించండి. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వండి. మార్చి సగం జీతం, ఏప్రిల్ జీతం బాకీ ఉంది. మూడే ముక్కలు, ఎక్కడా బతిమాలలేదు, ఎక్కడా తిట్టలేదు.

స్కూల్‌కు పోతే క్లర్క్ కాగితం తీసుకున్నాడు, రెండో దాని మీద ముద్ర వేయనన్నాడు. "మాకా పద్ధతి లేదు సార్." సరే, అని వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అదే బెంచీ మీద ఫీజు కట్టని పిల్లలను కూర్చోబెట్టేవాళ్లు. పదకొండేళ్లు ఆ బెంచీ పక్క నుంచి నడిచాను. గుండె దడదడలాడింది, దాచేదేముంది. కానీ కూర్చున్నాను. పొద్దు గూకేదాక ఉన్నట్టు కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక కరస్పాండెంట్ గారు బయటికి వచ్చి, నన్ను చూసి, క్లర్క్‌ను చూసి లోపలికి పోయారు. ముద్ర పడలేదు. సాయంత్రం ఊరికి తిరిగొస్తూ హుస్నాబాద్‌లో ఆగి, అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో వేశాను, అందినట్టు సంతకం పెట్టి తిరిగొచ్చే కార్డుతో సహా. ఆ ఉపాయం మా ఊరి పోస్టుమాస్టరు చెప్పాడు. వారం తర్వాత కార్డు సంతకంతో తిరిగొచ్చింది. దాన్ని చిన్నమ్మకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మంచి రసీదు" అంది.

సర్టిఫికెట్లు మే మొదటి వారంలో ఇచ్చారు. ఒక మూల చెదలు తిన్నాయి, అయినా ఉన్నాయి. 2,000 రూపాయలు ఆలస్యంగా పడ్డాయి, బియ్యం ఒక నెల తప్పిపోయింది. జీతం బాకీ ఇప్పటికీ రాలేదు. అది వస్తుందని కూడా అనుకోవడం లేదు. కానీ ఆ ఉత్తరం నకలు, పోస్టులో సంతకంతో తిరిగొచ్చిన కార్డు, జాబ్ కార్డు దరఖాస్తు మీద తారీఖు వేసిన కాగితం, మూడూ ఒకే ఫైల్‌లో పెట్టుకున్నాను.

2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచారు. హుస్నాబాద్‌లో ఇంకో స్కూల్‌లో మాట్లాడుకున్నాను. జీతం 13 వేలు అన్నారు, పాతదాని కంటే తక్కువే. నేను మూడు అడిగాను: పన్నెండు నెలల జీతం, అపాయింట్‌మెంట్ కాగితం, ఒరిజినల్స్ ఇవ్వను, చూపిస్తాను. ప్రిన్సిపాల్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇవన్నీ ఎవరు అడుగుతారు సార్ ఈ కాలంలో?" అన్నారు. నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడితే తగ్గించేస్తానని నాకు నా మీద అనుమానం. చివరికి పదకొండు నెలల జీతానికి, కాగితానికి ఒప్పుకున్నారు. ఆ కాగితం మీద స్కూల్ పేరు కూడా తప్పు అచ్చయింది. మళ్లీ కొట్టించాను.

సమలంబ చతుర్భుజం పాఠం వచ్చినప్పుడు ఇప్పుడు క్లాసుకు తట్ట తీసుకుపోతాను. పిల్లలు నవ్వుతారు. కొందరి ఇళ్లల్లో అలాంటి తట్టలే ఉన్నాయి, వాళ్లు మాత్రం ముందు నవ్వరు, చుట్టూ చూస్తారు. "మా అమ్మ పదిహేనేళ్లు మోసింది" అని నేను చెప్పాక చేతులు లేస్తాయి. కాలువకు కూడా తీసుకుపోదామని ఉంది, స్కూల్ వాళ్లు ఒప్పుకోలేదు, బస్సు ఖర్చట.

మేకులు కొట్టిన ఆ కర్రను అమ్మ పెరట్లో చిక్కుడు తీగకు పాతేసింది. మొన్న పోయినప్పుడు అడిగితే, "తీయకు, తీగ ఇప్పుడే మీటరున్నర ఎక్కింది" అంది.